పక్కింటి గవర్నరు గారు

శాన్ ఆంటోనియో, టెక్సస్
12 సెప్టెంబర్ 2009

చిరంజీవి కనకదుర్గకి,

నీ ఉత్తరం అందింది. చెవుల్లో మెషీన్లు పెట్టుకున్నా ఫోన్‌లో గరగర తప్ప మాట వినబడటం లేదని రాశావు. ఈమెయిల్ అంటే నీకూ పడదు, నాకూ పడదు. కాబట్టి మనిద్దరికీ కాగితమే గతి. అదీ ఒకందుకు మంచిదే. మీ అన్నయ్య గౌరీశంకర్ పోయాక ఈ ఇంటికి చేత్తో నా పేరు రాసి వచ్చే కవరు నీదొక్కటే. మిగతావన్నీ బిల్లులూ, చెవి మెషీన్ల ప్రకటనలూ. అవి నీకు పంపనా?

పక్కింట్లోకి ఒక ముసలాయన దిగాడని, పెరట్లో టొమాటో మొక్కలతో మాట్లాడుకుంటాడని రాశాను కదా. ఆయనతో మాట కలిసింది. కలిపింది గోంగూర. నేను పెరట్లో ఆకు కోస్తుంటే కంచె అవతల నుంచి స్పానిష్‌లో, "డాక్టరమ్మా, అంత మంచి మొక్కని అలా పీకేస్తున్నారేం?" అన్నాడు. వాళ్ళ మెక్సికోలో దీని పూలు ఎండబెట్టి షర్బత్ చేసుకుంటారట. ఆకు పారేస్తారట. మేం ఆకు తిని పూలు పారేస్తాం అన్నాను. "అయితే మనిద్దరికీ కలిపి ఒక్క మొక్క చాలు" అన్నాడు. ముప్ఫై ఏళ్ళు మెక్సికన్ తల్లుల పిల్లలకి జ్వరాలు చూశాను కదా, ఆ స్పానిష్ ఇన్నాళ్ళకి నా సొంతానికి పనికొచ్చింది.

పేరు ఫెర్మీన్ ఓచోవా. వాళ్ళ పద్ధతిలో పెద్దమనిషిని దోన్ ఫెర్మీన్ అనాలి. ఏం చేసేవాడో ఊహించు చూద్దాం. గవర్నరు! మన గవర్నర్లలా రాజ్‌భవన్‌లో కూర్చుని రిబ్బన్లు కత్తిరించే రకం కాదు. ఓట్లతో గెలిచినవాడు, మన లెక్కలో ముఖ్యమంత్రి. మొదట పల్లెటూరి బడిపంతులట. పంతుళ్ళ సంఘానికి నాయకుడై, శాసనసభకి వెళ్ళి, ఆపైన ఆరేళ్ళు గవర్నరు గిరీ చేసి, తర్వాత వాళ్ళ దేశపు సెనేట్‌కి ఎన్నికయ్యాడు. ఇప్పటికీ సెనేటరే. కాకపోతే సెలవులో ఉన్నాడట.

సెలవేమిటని అడిగాను. అక్కడ రాజీనామా చెల్లదట, సెలవు అడగాలట. ఎన్నికల్లో ఒక్కర్ని కాదు, ఇద్దర్ని కలిపి ఎన్నుకుంటారట: అసలు మనిషి, బదులు మనిషి. అసలు మనిషి సెలవు పెడితే బదులు మనిషి ఆ కుర్చీలో కూర్చుంటాడు. అసలు మనిషి ఏ రోజైనా తిరిగి వెళ్ళి, "లేవయ్యా" అనొచ్చు. ఈయన బదులు మనిషి రెండేళ్ళుగా కూర్చునే ఉన్నాడు. "బాగా మెత్తబడి ఉంటుంది నా కుర్చీ" అంటాడు దోన్ ఫెర్మీన్.

ఆయన ఇక్కడ ఉన్నట్టు ఎవరికీ తెలియకూడదట. నీకు చెప్పకుండా ఉండలేక రాశాను. మీ ఆయన కృష్ణమోహన్ గారితో కూడా అనకు.

మీ వదిన,
వసుమతి


పార్సిప్పనీ, న్యూజెర్సీ
24 సెప్టెంబర్ 2009

వదినా!

అమ్మో, అమ్మో! పక్కింట్లో గవర్నరుని పెట్టుకుని ఇంత తాపీగా రాస్తావా? నేనైతే ఆ రోజే రైలెక్కేదాన్ని. మా పక్కింట్లో ఎవరున్నారో తెలుసా? నెలకోసారి మారే కన్సల్టెంటు కుర్రాళ్ళు. వాళ్ళ పేర్లు నేర్చుకునేలోపు ప్రాజెక్ట్ అయిపోయిందని వెళ్ళిపోతారు.

ఎలా ఉంటాడు? మీసాలున్నాయా? పెళ్ళాం ఎక్కడుంది? గోంగూర పచ్చడి పెట్టావా ఆయనకి? కారం తట్టుకున్నాడా? ఏదీ రాయవు నువ్వు, ప్రిస్క్రిప్షన్ రాసినట్టు రాస్తావు.

అసలు సంగతి, ఎందుకు పారిపోయి వచ్చాడు? రెండేళ్ళు సెలవు పెట్టి టొమాటోలు పెంచేవాడెవడైనా ఊరికే వస్తాడా? అడుగు వదినా. మా ఆయన, అదే మీ అన్నయ్యగారు, ఎప్పుడూ తెలుగు సంఘం మీటింగుల్లోనే ఉంటారు కాబట్టి ఆయనతో చెప్పే అవకాశమే లేదు, నీకా భయం అక్కర్లేదు.

గవర్నరు గారి సంగతులు వెంటనే రాయి.

నీ దుర్గ


శాన్ ఆంటోనియో
20 నవంబర్ 2009

దుర్గకి,

మీసాలున్నాయి. భార్య వాళ్ళ రాజధానిలోనే ఉంది, మాటల్లేవు. పచ్చడికి కళ్ళ నీళ్ళు పెట్టుకుని మళ్ళీ వేయించుకున్నాడు. చాలా?

ఇప్పుడు ఒక విచిత్రం విను. వాళ్ళ దేశంలో గవర్నరు ఏడాదికోసారి సభ ముందు నిలబడి, ఆ ఏడు ఏం చేశాడో నివేదిక చదవాలట. అదొక పెద్ద పండగట. చదివాక పెద్దలందరూ వరసలో వచ్చి ఒక్కొక్కరే చేయి కలపాలి. ఎవరు ముందు నిలబడ్డారు, ఎవరు రాలేదు అన్నదాన్నిబట్టి మర్నాటి నుంచి రాజకీయాలు నడుస్తాయట. మొన్న ఆదివారం ఆయన సూట్ వేసుకుని మా వరండాలోకి వచ్చాడు. "ఈ రోజు నా నివేదిక రోజు. మీరే సభ" అన్నాడు.

కుర్చీలో కూర్చున్నాను. చదివాడు. టొమాటో రంగంలో ఆశించిన దిగుబడి రాలేదనీ, ఉడతల విషయంలో ప్రభుత్వం కఠినంగా వ్యవహరించిందనీ, భారత దేశంతో గోంగూర సంబంధాలు మెరుగుపడ్డాయనీ చదివాడు. నేను పొట్ట పట్టుకుని నవ్వాను. ప్రతిపక్షం తరఫున, నీళ్ళ పైపు తీసుకెళ్ళి తిరిగి ఇవ్వలేదేమని నిలదీశాను. దర్యాప్తుకి ఆదేశిస్తానన్నాడు.

చివర్లో నిటారుగా నిలబడి చెయ్యి చాచాడు. వెళ్ళి కలిపాను. నేను వదిలేశాక కూడా ఆ చెయ్యి అలాగే ఉంచాడు దుర్గా, నా వెనక ఇంకా ఎవరో వరసలో ఉన్నట్టు. నేను పక్కకి చూశాను.

నువ్వు అడిగిన సంగతి కొంత తెలిసింది, ఆయన చెప్పలేదు, ఆయన్ని చూడటానికి వచ్చే మేనల్లుడు అన్నాడు. ఈయన గవర్నరుగా ఉన్నప్పుడు పంతుళ్ళు సమ్మె చేశారు. పోలీసులు కాల్చారు. ఒక టీచరు చనిపోయింది. కాల్చమన్నది ఈయనేనని కేసు. సభలో కూర్చున్న సెనేటర్ని పోలీసు ముట్టుకోకూడదట, సెలవులో ఉన్నవాడిని పట్టుకోవచ్చట. ఏదో జబ్బు చేసి ఈయన సెలవు పెట్టాడు, ఆ సమయంలో కేసు లేచింది, ఇటు వచ్చేశాడు.

అడగమంటావు. అడగలేదు. సాయంత్రం అయిదింటికి టీకి వస్తాడు. ఏడు దాకా మాట్లాడుకుంటాం. ఆయన రాకముందు ఆ రెండు గంటలు నేనేం చేసేదాన్నో నీకు తెలియదు. మీ అన్నయ్య కుర్చీకి ఎదురుగా కూర్చుని, టీవీ వాళ్ళు "గుడ్ ఈవెనింగ్" అంటే "గుడ్ ఈవెనింగ్" అనేదాన్ని. మాకు పిల్లలు లేకపోయినా ఆయన ఉన్నన్నాళ్ళూ ఇల్లు చప్పుడుగానే ఉండేది. అడిగితే, ఆ సమాధానం వినాలి. విన్నాక టీకి పిలవాలో మానాలో తేల్చుకోవాలి. ఇప్పుడే వద్దు.

వసుమతి


పార్సిప్పనీ
18 ఫిబ్రవరి 2010

వదినా,

ముందే చెబుతున్నా, కోప్పడకు. సగం చదివి చింపెయ్యకు.

మీ అన్నయ్యగారు ఉగాదికి మీ ఊరి సంఘానికి ముఖ్య అతిథి దొరకటం లేదని తెగ మథనపడుతున్నారు. మీ ఊళ్ళో సంఘం ప్రెసిడెంటు విశ్వనాథం గారు ఈయనకి కాలేజీలో క్లాస్‌మేట్ కదా. రావలసిన సినిమా అతనికి వీసా రాలేదట. "మేయర్ని పిలుద్దామా, డెంటిస్టుని పిలుద్దామా" అని ఈయన స్పీకర్ ఫోన్‌లో అరుస్తుంటే నాకే వినబడింది, అంటే ఎంత అరిచారో చూసుకో. నా నోరు ఊరుకోలేదు. "మా వదిన పక్కింట్లో ఏకంగా గవర్నరు గారే ఉంటే డెంటిస్టెందుకు?" అనేశాను.

అంతే. ఇక ఆపటం నా వల్ల కాలేదు. మనవాళ్ళకి గవర్నరు అన్న మాట వినబడితే ఆగుతారా? మెక్సికో అయితేనేం, గవర్నరు గవర్నరే అన్నారు. వాళ్ళు రేపోమాపో ఆయన ఇంటికి వెళ్ళి పిలుస్తారు. రహస్యం అని చెప్పాను వదినా, ఒట్టు. "రహస్యంగానే సన్మానిస్తాం, బయటివాళ్ళెవరూ రారు, అంతా మనవాళ్ళే" అన్నారు.

ఆయన కూడా నలుగురిని చూసినట్టుంటుంది కదా? గవర్నరు గారు ఏమన్నారో రాయి.

దుర్గ


శాన్ ఆంటోనియో
3 మార్చి 2010

దుర్గా,

నీ కడుపులో మాట దాగదని తెలిసీ రాశాను, బుద్ధి తక్కువ నాది.

వచ్చారు. ముగ్గురు. పట్టుచీరల్లో ఆడవాళ్ళిద్దరు, విశ్వనాథం గారు. పళ్ళెంలో తమలపాకులూ, అరటిపళ్ళూ. కర్టెన్ సందులోంచి చూసి ఆయన పోలీసులనుకున్నాడట. నేను పరుగెత్తుకుంటూ వెళ్ళి, వద్దనండి, ఒంట్లో బాగాలేదనండి అని స్పానిష్‌లో చెబుతూనే ఉన్నాను. ఆయన నా వైపు చూడలేదు. ఆ పళ్ళెం వైపు చూస్తున్నాడు.

వస్తానన్నాడు.

వసుమతి


శాన్ ఆంటోనియో
29 మార్చి 2010

దుర్గకి,

నీ మీద కోపం తగ్గలేదు. అయినా ఎవరితో చెప్పుకోను? నీకే రాయాలి.

స్కూల్ ఆడిటోరియం నిండిపోయింది. విశ్వనాథం గారు మైకులో "హిజ్ ఎక్సలెన్సీ, గౌరవనీయులైన గవర్నర్ గారు" అన్నారు. జనం లేచి నిలబడ్డారు. శాలువా కప్పారు, దండ వేశారు, ఇత్తడి నటరాజుని చేతిలో పెట్టారు. దోన్ ఫెర్మీన్ మెడలో దండతో ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి వేరే మనిషి. నడుం లేచింది, గడ్డం లేచింది, చూపు ఆఖరి వరస దాకా వెళ్ళింది.

నన్ను పక్కన నిలబెట్టారు, తెలుగులో చెప్పటానికి. మొదటి రెండు మాటలు చెప్పాను. ఆ తర్వాత ఆయన ఆగితే కదా! అరగంట. ఒక్కరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. గొంతు లేచిన చోటల్లా చప్పట్లు. నాకొక్కదానికే తెలుసు, ఆయన ఉగాది గురించి మాట్లాడటం లేదు. "నా ప్రజలారా, మీ దగ్గరికి తిరిగి వచ్చాను" అంటున్నాడు. మన పులిహోర ప్లేట్ల వాళ్ళని చూసి తన రాష్ట్రపు రైతులనుకున్నాడు.

తర్వాత ఫోటోలకి క్యూ. చివర్లో అలవాటు లేని చీర కట్టుకున్న ఒక పిల్ల, "ఆంటీ, హీ ఈజ్ ద రియల్ గవర్నర్, రైట్? ఫోటో తీసుకోవచ్చా ఆయన్తో?" అంది. సన్నీవేల్ నుంచి వచ్చిన ఒకతను "సర్, మై కార్డ్" అని జేబులో పెట్టాడు. అందరి చేతులూ కలిపాడు. నా చెయ్యి కలపలేదు, నేను పక్కనే ఉన్నాను కదా, అవసరమేముంది.

ఆ మర్నాటి నుంచి టీకి రావటం లేదు. ఫోన్‌లో ఉంటున్నాడు. గోడ అవతల నుంచి ఆ గొంతు వినబడుతుంది. అయిదింటికి రెండు కప్పులు పెట్టి ఒకటి పారబోస్తున్నాను.

వసుమతి


పార్సిప్పనీ
15 ఏప్రిల్ 2010

వదినా,

ఇంతవుతుందనుకోలేదు. చెంపలేసుకున్నాను, ఇంకేం చెయ్యను చెప్పు. మీ అన్నయ్యగారికి మాత్రం కాళ్ళు నేల మీద లేవు. ఫోటో సంఘం వెబ్‌సైట్‌లో పెట్టారట, తీయించమని పోరుతున్నాను.

ఫోన్‌లో ఎవరితో మాట్లాడుతున్నాడు? తిరిగి వెళ్ళిపోతాడా? వెళ్తే పట్టుకోరూ? నిన్ను రమ్మంటాడా? నవ్వకు, నేను నిజంగానే అడుగుతున్నా. ఇప్పుడైనా ఆ టీచరమ్మ సంగతి అడుగు వదినా. వెళ్ళిపోయేవాడైతే భయమెందుకు? ఉండిపోయేవాడైతే మరీ అడగాలి.

గవర్నరు గారి సంగతి నాకు నిద్ర పట్టనివ్వటం లేదు. రాయి.

దుర్గ


శాన్ ఆంటోనియో
30 ఆగస్టు 2010

దుర్గకి,

ఇన్నాళ్ళు రాయలేదు. రాయలేకపోయాను.

ఆగస్టు మొదట్లో మళ్ళీ ఒక సాయంత్రం టీకి వచ్చాడు. సెప్టెంబర్ ఒకటిన వాళ్ళ సెనేట్ మళ్ళీ మొదలవుతుందనీ, గడప దాకా పట్టుబడకుండా చేరి, సెలవు చాలించానని చెప్పి కుర్చీలో కూర్చుంటే ఇక ఎవరూ ముట్టుకోలేరనీ చెప్పాడు. దారిలో దొరికితే జైలు. "అప్పుడు ఆ హాల్లో వాళ్ళు లేచి నిలబడ్డారు చూశారా? నేనింకా చావలేదని అప్పుడే తెలిసింది" అన్నాడు. ఆర్నెల్లు రోజూ నాతో టీ తాగినవాడికి ఆ సంగతి ఆ రోజు తెలిసిందట.

అప్పుడు అడిగాను. ఆ టీచర్ని కాల్చమన్నది మీరేనా అని.

చెప్పాడు. ఏమీ దాచలేదు. "ఫోన్ వచ్చింది. ఏం చెయ్యమంటారని అడిగారు. చెయ్యవలసింది చెయ్యండి అన్నాను. ఆ మాటకి అర్థం వాళ్ళకి తెలుసు, నాకూ తెలుసు." ఆమె పేరేమిటన్నాను. వెంటనే చెప్పాడు. పేరు మర్చిపోయి ఉంటే నాకు అసహ్యం వేసేది, టీకి పిలవటం మానటం తేలికయ్యేది. టీ కప్పు కింద పెట్టి, "చక్కెర కొంచెం తగ్గింది" అన్నాడు.

మర్నాడు వస్తే తలుపు తియ్యకూడదనుకున్నాను. తీశాను. చక్కెర ఎక్కువ వేశాను కూడా. నాకే సిగ్గుగా ఉంది దుర్గా. పలకరించే మనిషి ఒకడుంటే చాలనుకునే స్థితికి వస్తే మనం ఎంత దిగుతామో నాకు తెలిసొచ్చింది. మీ అన్నయ్య ఉంటే ఆ మనిషిని గుమ్మం ఎక్కనిచ్చేవాడు కాదు. మీ అన్నయ్య ఉంటే నాకూ ఆ అవసరం ఉండేది కాదు.

సరిహద్దు దాకా దింపమన్నాడు. టాక్సీలు నమ్మడట. లారెడో దాకా నేనే డ్రైవ్ చేశాను. రోజూ సూపర్‌మార్కెట్‌కి నా పక్క సీట్లో కూర్చుని వచ్చేవాడు, రేడియో మార్చేవాడు, నా డ్రైవింగ్‌కి వంకలు పెట్టేవాడు. ఆ రోజు సూట్ వేసుకుని వచ్చి వెనక తలుపు తీసుకుని వెనక సీట్లో కూర్చున్నాడు. కావాలని కాదు. అలవాటు. అద్దంలో చూస్తే పెదవులు కదులుతున్నాయి, ప్రసంగం అనుకుంటున్నాడు. దారంతా నాతో ఒక్క మాట లేదు. "ఏసీ తగ్గించండి" అన్నది తప్ప.

నిన్ను రమ్మంటాడా అని అడిగావు కదా. దిగాక ఒక్క క్షణం ఆగాడు. నేను జవాబు కూడా అనుకుని పెట్టుకున్నాను, రానని. "చాలా థాంక్స్ డాక్టరమ్మా, గోంగూరకి నీళ్ళు పోస్తూ ఉండండి" అన్నాడు. మేనల్లుడి కారు ఎక్కాడు. వెళ్ళాడు.

వసుమతి


పార్సిప్పనీ
20 సెప్టెంబర్ 2010

వదినా,

ఉన్నాడా? చేరాడా, పట్టుకున్నారా? మీ అన్నయ్యగారు ఇంటర్నెట్‌లో వెతికారు, అంతా స్పానిష్‌లో ఉంది, ఫోటోలో ఆయన చుట్టూ జనం ఉన్నారు గానీ వాళ్ళు పోలీసులో అభిమానులో తెలియలేదు. గవర్నరు గారికి ఏమైందో వెంటనే రాయి, చచ్చిపోతున్నా ఇక్కడ.

దుర్గ


శాన్ ఆంటోనియో
11 అక్టోబర్ 2010

దుర్గకి,

అభిమానులే. పాల వ్యానులో కూర్చుని సెనేట్ భవనం దాకా వెళ్ళాడట, లోపలికి పరుగెత్తాడట. బదులు మనిషి లేచి కుర్చీ ఇచ్చాడట. ఇక్కడి స్పానిష్ ఛానల్ వాళ్ళు అదే పనిగా చూపిస్తున్నారు. వాళ్ళ రాష్ట్రంలో ఆ టీచరు కుటుంబం నిరసనగా రోడ్డు మీద కూర్చుంది, అదీ చూపించారు, కానీ తక్కువసేపు.

నిన్న ఇంటర్వ్యూ వచ్చింది. టీ పెట్టుకుని కూర్చున్నాను. మనిషి చిక్కిపోయాడు. మీసాలకి రంగు వేయించాడు. యాంకరమ్మ, "ఆ పరాయి దేశంలో మూడేళ్ళు ఎలా గడిపారు?" అని అడిగింది. ఆయన పైకి చూశాడు. ఆ చూపు నాకు తెలుసు, చప్పట్ల కోసం ఆగేటప్పుడు చూస్తాడు. తర్వాత అన్నాడు: "పలకరించే ప్రాణి లేదమ్మా. ఒక్క మనిషి లేడు. మూడేళ్ళు గోడలతో మాట్లాడుకున్నాను."

ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంది.

నా స్పానిష్ తప్పేమో అనుకున్నాను. తప్పు కాదు. పిల్లాడికి ఎక్కడ నొప్పో తల్లులు చెబితే ముప్ఫై ఏళ్ళు ఒక్కసారీ పొరపడలేదు, ఇది పొరపడతానా? గోడ అంటే నేనే కాబోలు అని ఒకసారి నవ్వొచ్చింది. తర్వాత చాలాసేపు ఏడ్చాను. ఆయన అబద్ధం చెప్పాడని కాదు దుర్గా. అలా అంటేనే ఆయనకి ఓట్లు పడతాయి, అది ఆయన వృత్తి. నేనూ ఆయన కోసం కాదు టీ పెట్టింది, ఎదుట ఒక మనిషి కావాలని పెట్టాను. ఆయనకి సభ కావాలి, నాకు సాయంత్రం గడవాలి. ఒక టీచరు చావుని కూడా పక్కకి నెట్టి గడిపాను. మేమిద్దరం ఒకరినొకరం చూసుకోలేదు.

నీ ఉత్తరాలన్నీ తీసి మొదటి నుంచి చదివాను. ఎంత ప్రేమగా రాస్తావో. ఈ ఏడాదిలో ఒక్కదాంట్లో కూడా నేనెలా ఉన్నానని అడగలేదు నువ్వు. తప్పు నీది కాదు, నేనే ఆ గవర్నరు కథలు చెప్పి నిన్ను మురిపించాను. అవి ఉంటే నా గురించి రాయక్కర్లేదు కదా.

ఇక నుంచి గవర్నరు గారు ఎలా ఉన్నారని అడగకు. వదినా, నువ్వెలా ఉన్నావని అడుగు. బాగాలేనని రాస్తాను.

వసుమతి